కరాటే నుంచి కిక్‌బాక్సింగ్‌కు: ముసాషి క్రీడాప్రస్థానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కె-1 జపాన్‌లో పుట్టిన కిక్‌బాక్సింగ్ పోటీ. దాని భారీ బరువు విభాగపు ప్రపంచ గ్రాండ్ ప్రి అంతిమపోరు వరకు చేరిన జపానీయులు ఇద్దరే. 1994లో మసాకి సటాకె, 2003, 2004 సంవత్సరాల్లో ముసాషి ఆ స్థాయికి చేరారు. ఇద్దరూ ఒసాకాలోని సెయిదోకైకాన్ కరాటే శాఖకు చెందినవారే. అంతిమపోరులో ఇద్దరూ నెదర్లాండ్స్ యోధుల చేతిలోనే ఓడారు. కరాటే శిక్షణ ముసాషికి ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేకపోయింది, అతని ఓటములను ఎలా అర్థం చేసుకోవాలి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కరాటే, కిక్‌బాక్సింగ్, కె-1, సెయిదోకైకాన్, ముసాషి, సటాకె, మెజిరో, పోటీ నియమాలు.

1. ఉపోద్ఘాతం:

కరాటే తెలుగువారికి కొత్త విద్య కాదు. పాఠశాలల్లోనూ పట్టణాల్లోని శిక్షణకేంద్రాల్లోనూ పిల్లలు తెల్లని దుస్తులు ధరించి, రంగురంగుల బెల్టులు కట్టుకొని, వరుసలు తీరి అభ్యసించే విద్యగా అది సుపరిచితం. అయితే కరాటే ఒకే విద్య కాదు. దానిలో పలు శాఖలున్నాయి. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క పోటీ పద్ధతి ఉంది. ఏ దెబ్బను అనుమతించాలి, దేనిని నిషేధించాలి అన్న నియమమే ఆయా శాఖల్లో శిక్షణ పొందినవారి నిలుపును, అడుగును, కాపును తీర్చిదిద్దుతుంది. ఒక నియమావళిలో పెరిగిన యోధుడు మరొక నియమావళిలోకి వెళ్ళినప్పుడు అతని బలాల్లో కొన్ని నిలుస్తాయి, కొన్ని నిరుపయోగమవుతాయి, మరికొన్ని బలహీనతలుగా మారతాయి.

ఈ మార్పును స్పష్టంగా చూపగల ఉదాహరణ ముసాషి. అతని అసలు పేరు అకియో మోరి. 1995 నుంచి 2009 వరకు కె-1 బరిలో నిలిచి, ఆ కాలంలో జపాన్ భారీ బరువు యోధుల్లో అగ్రస్థానం పొందాడు. ప్రపంచ గ్రాండ్ ప్రి కిరీటం మాత్రం అతనికి దక్కలేదు. "రెండుసార్లు రెండవ స్థానం" అన్న ఒక్క వాక్యంతో అతని జీవితాన్ని ముగించడం పరిపాటి. ఆ వాక్యంలో అసత్యం లేదు, కానీ అది అసంపూర్ణం. దాని వెనుక ఉన్న చరిత్రను పరిశీలించినప్పుడే అతని విజయాల విలువా, ఓటముల కారణమూ బోధపడతాయి.

2. దెబ్బ తగిలే కరాటే:

ఒకినావా ద్వీపాల్లో రూపుదిద్దుకొన్న కరాటే, గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోలో ఇచ్చిన ప్రదర్శన తరువాత జపాన్ ప్రధానభూభాగంలో వ్యాపించింది. ఆ తరువాత పోటీల్లో బలపడిన ఒక ధోరణిలో దెబ్బను శరీరానికి తాకీ తాకకముందే ఆపాలి. దెబ్బ తీసే ఒడుపు, వేగం, నియంత్రణ అక్కడ ప్రమాణాలు. ఈ పద్ధతిని మసుతత్సు ఒయామా తిరస్కరించాడు. నిజంగా తగలని దెబ్బకు విలువ లేదన్నది ఆయన మతం. ఆయన స్థాపించిన క్యొకుషిన్ శాఖ 1969లో తొలి అఖిల జపాన్ పోటీని నిర్వహించింది. అందులో పూర్తి బలంతో కొట్టవచ్చు. చేతికి తొడుగులు ఉండవు. ఎదుటివానిని పడగొట్టడమే గెలుపు.

అయితే ఆ పోటీలో ఒక ముఖ్యమైన నిషేధం ఉంది. ముఖంపై చేతితో గుద్దకూడదు. కాలితో తలను తన్నవచ్చు, చేతితో ఛాతీని, పొట్టను, డొక్కలను బాదవచ్చు. తొడుగులు లేని పిడికిలితో ముఖంపై గుద్దితే కలిగే గాయాలను నివారించడానికి ఈ నియమం అవసరమైంది. కానీ దాని పర్యవసానం శిక్షణ మొత్తం మీద పడింది. ముఖానికి గుద్దు రాదని తెలిసిన యోధుడు ఎదుటివానికి అతి దగ్గరగా, దాదాపు ఛాతీకి ఛాతీ ఆనించి నిలుస్తాడు. చేతులు డొక్కలను కాచుకొనే ఎత్తులో ఉంటాయి. తలను పక్కకు తప్పించే అలవాటు తక్కువ. దెబ్బను తప్పించుకోవడం కంటే ఓర్చుకోవడం ప్రధాన గుణంగా ఎదుగుతుంది. తొడపై తన్నే తన్ను, దగ్గరి నుంచి హఠాత్తుగా తలపైకి లేచే తన్ను ఈ వాతావరణంలోనే పదునెక్కాయి.

క్యొకుషిన్ నుంచి విడివడిన హిదెయుకి అషిహారా వద్ద శిక్షణ పొందిన కజుయోషి ఇషీ 1980లో ఒసాకాలో సెయిదోకైకాన్‌ను స్థాపించాడు. సటాకె, ముసాషి ఇద్దరూ ఈ శాఖలో తయారైనవారే. అంటే పూర్తి బలంతో కొట్టే కరాటే సంప్రదాయమే వారి పునాది. ముఖంపై గుద్దు లేకపోవడం అనే లోటు కూడా వారికి ఆ సంప్రదాయం నుంచే సంక్రమించింది.

3. బ్యాంకాక్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వరకు:

ముసాషి ఓటములను అర్థం చేసుకోవడానికి అతడు పుట్టక ముందు జరిగిన ఒక సంఘటనను గుర్తు చేసుకోవాలి. 1960ల తొలి అర్ధభాగంలో ఒయామా శిష్యులు ముగ్గురు థాయ్‌లాండ్ వెళ్ళి బ్యాంకాక్‌లో ముయ్ థాయ్ యోధులతో తలపడ్డారు. తదాషి నకమురా, అకియో ఫుజిహిరా గెలిచారు. వారిలో పెద్దవాడైన కెంజి కురోసాకి ఓడిపోయాడు. ముగ్గురిలో ఇద్దరు గెలిచారు కాబట్టి అది కరాటే విజయంగానే ప్రచారమైంది. కానీ తరువాతి చరిత్రపై ఎక్కువ ప్రభావం చూపినది కురోసాకి ఓటమే. థాయ్ యోధుల మోకాలి పోట్లను, మోచేతి దెబ్బలను, ముఖంపై గుద్దులను ఆయన కాదనలేదు, వాటిని నేర్చుకొన్నాడు.

1966లో ఒసాము నొగుచి అనే నిర్వాహకుడు జపాన్‌లో "కిక్‌బాక్సింగ్" పేరుతో పోటీలను ప్రారంభించాడు. కురోసాకి టోక్యోలో మెజిరో వ్యాయామశాలను నెలకొల్పాడు. అక్కడ తయారైన తోషియో ఫుజివారా 1978లో బ్యాంకాక్‌లోని రాజదమ్నెర్న్ క్రీడాంగణపు కిరీటాన్ని గెలిచాడు. థాయ్‌లాండ్‌కు చెందనివాడు అటువంటి కిరీటాన్ని పొందడం అదే తొలిసారి. అదే శాలలో శిక్షణ పొందిన నెదర్లాండ్స్ వాసి యాన్ ప్లాస్ స్వదేశానికి తిరిగివెళ్ళి, 1978లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే పేరుతో మెజిరో శాలను తెరిచాడు. థామ్ హారింక్ నడిపిన ఛాకురికి, తరువాత యోహాన్ వోస్ నడిపిన శాల కూడా ఆ నగరంలో ప్రసిద్ధికెక్కాయి.

ఈ శాలల్లో ఒక ప్రత్యేక శైలి రూపొందింది. బాక్సింగ్ గుద్దులను రెండు మూడింటిని వరుసగా ముఖంపై, డొక్కపై వేసి, ఎదుటివాని చూపు పైనున్న క్షణంలో తొడపై బలంగా తన్నడం ఆ శైలికి ఆయువుపట్టు. ఆ తన్నులో కరాటే ఉంది, ఆ గుద్దుల్లో పాశ్చాత్య బాక్సింగ్ ఉంది, మోకాలి పోటులో థాయ్ విద్య ఉంది. జపాన్ నుంచి వెళ్ళిన విద్య ఐరోపాలో తన లోటును పూరించుకొని కొత్త రూపం దాల్చింది. కొన్ని ఏళ్ళ తరువాత అదే విద్య టోక్యోకు తిరిగివచ్చి జపానీయులను ఓడించింది.

4. కె-1 ఆవిర్భావం, సటాకె:

ఇషీ 1993 ఏప్రిల్ 30న టోక్యోలోని యోయోగి జాతీయ వ్యాయామశాలలో తొలి కె-1 గ్రాండ్ ప్రి నిర్వహించాడు. కరాటే, కిక్‌బాక్సింగ్, కుంగ్‌ఫూ వంటి విద్యల పేర్ల మొదటి అక్షరం "కె"గా, వాటన్నిటిలో ఒక్కరే అగ్రగణ్యులన్న అర్థంలో "1"గా ఆ పేరు ఏర్పడింది. ఎనిమిదిమంది యోధులు ఒకే రాత్రి తలపడాలి. విజేత మూడు పోరులు గెలవాలి. ఒక్కొక్క పోరు మూడు నిమిషాల రౌండ్లు మూడు. సమానమైతే అదనపు రౌండు. చేతికి తొడుగులుంటాయి, ముఖంపై గుద్దవచ్చు. మోచేతి దెబ్బ నిషిద్ధం. ఎదుటివానిని మెడ పట్టి చాలాసేపు నిలపడానికీ వీలులేదు. బరువుకు పై హద్దు లేదు.

ఆ తొలి రాత్రి జపాన్ ఆశలన్నీ సటాకె మీద ఉన్నాయి. ఒసాకా ప్రాంతంలోని సుయిటాలో 1965లో జన్మించిన అతడు అప్పటికే సెయిదోకైకాన్ పోటీల్లో ప్రసిద్ధుడు. అతడు తొలి పోరు గెలిచి, రెండవ పోరులో క్రొయేషియాకు చెందిన బ్రాంకో సికాటిచ్ చేతిలో నాకౌట్ అయ్యాడు. కిరీటం సికాటిచ్‌కే దక్కింది. మరుసటి సంవత్సరం సటాకె అంతిమపోరుకు చేరి, పీటర్ ఆర్ట్స్ చేతిలో న్యాయనిర్ణేతల తీర్పుతో ఓడాడు. ఆర్ట్స్ నెదర్లాండ్స్ యోధుడు. ఆ తరువాతి కాలానికి ఆ పోరు ఒక సూచన. 1993 నుంచి 2009 వరకు జరిగిన 17 ప్రపంచ గ్రాండ్ ప్రి పోటీల్లో 14 కిరీటాలు నెదర్లాండ్స్ యోధులకే దక్కాయి. మిగిలిన మూడింటిని క్రొయేషియా, స్విట్జర్లాండ్, న్యూజీలాండ్ యోధులు పంచుకొన్నారు.

దీనిని బట్టి కరాటే విఫలమైందని నిర్ణయించడం తొందరపాటు. 1996 విజేత, స్విట్జర్లాండ్‌కు చెందిన ఆండీ హుగ్ క్యొకుషిన్‌లో పెరిగి, సెయిదోకైకాన్‌లో చేరినవాడు. 2005 నుంచి వరుసగా మూడుసార్లు గెలిచిన సెమ్మీ షిల్ట్‌కూ కరాటే పునాది ఉంది. కాబట్టి ప్రశ్న కరాటే చాలినదా కాదా అన్నది కాదు. కరాటేకు ఎవరు ఏమి జోడించుకోగలిగారన్నదే అసలు ప్రశ్న.

5. ముసాషి శైలి:

ఒసాకా ప్రాంతంలోని సకాయిలో 1972 అక్టోబరు 17న జన్మించిన అకియో మోరి, బరిలో ముసాషి అనే పేరు ధరించాడు. 17వ శతాబ్దపు ఖడ్గవీరుడు మియమోటో ముసాషి జపాన్‌లో సుప్రసిద్ధుడు. అరవైకి పైగా ద్వంద్వయుద్ధాల్లో ఓటమి ఎరుగనని ఆ వీరుడు తన గ్రంథంలో చెప్పుకొన్నాడు. 1935–39 మధ్య పత్రికలో ధారావాహికగా వెలువడిన ఎయిజి యొషికావా నవల ద్వారా ఆ వీరుని కథ ఆధునిక పాఠకుల ఇంటింటికీ చేరింది. అపజయం ఎరుగని వీరుని పేరు ధరించడం కరాటే యువకునికి ఒక గౌరవం. అంతకు మించి అది మోయవలసిన బరువు కూడా.

1995లో అమెరికా యోధుడు పాట్రిక్ స్మిత్‌ను నాకౌట్ చేసి అతడు కె-1లో అడుగుపెట్టాడు. జపాన్ యోధులకు ప్రత్యేకించిన కె-1 జపాన్ గ్రాండ్ ప్రిని నాలుగుసార్లు గెలిచాడు. దాదాపు 185 సెంటీమీటర్ల ఎత్తు, 100 కిలోల బరువు గల అతడు జపాన్‌లో భారీకాయుడే. 193 సెంటీమీటర్ల రెమీ బోన్యాస్కి, 212 సెంటీమీటర్ల షిల్ట్ వంటివారి ముందు మాత్రం పొట్టివాడు. పొడవైన ప్రత్యర్థిని దూరం నుంచి కొట్టడం కష్టం, దగ్గరకు వెళ్తే మోకాలి పోటు ఎదురవుతుంది. ఈ చిక్కును అతడు రెండు విధాలుగా పరిష్కరించుకొన్నాడు.

మొదటిది అతని ఎడమచేతి వాటం. ఎక్కువమంది యోధులు ఎడమకాలు ముందుంచి నిలుస్తారు. ముసాషి కుడికాలు ముందుంచి నిలిచేవాడు. అందువల్ల వెనుకనున్న అతని ఎడమకాలు, ఎదుటివాని శరీరంలో తెరిచి ఉన్న కుడి డొక్కకు సూటిగా చేరుతుంది. కాలేయం ఉన్నది ఆ వైపే. అక్కడ బలమైన తన్ను తగిలితే ఎంతటివాడైనా ఊపిరి అందక ఒరిగిపోతాడు. తగలకపోయినా ఆ భయంతో కుడిచేయి కిందికి దిగుతుంది. అప్పుడు ఎడమచేతి గుద్దుకు ముఖం దొరుకుతుంది.

రెండవది కాపు. కరాటే నేర్పిన ఓర్పుతో పాటు, కరాటే నేర్పని తలకాపును అతడు శ్రమించి అలవరచుకొన్నాడు. చేతులు ఎత్తి, దూరం కొలుచుకొంటూ, ఒక దెబ్బ వేసి వెనుకకు జరిగే పద్ధతి అతనిది. ముఖంపై గుద్దులకు తలవంచిన సంప్రదాయం నుంచి వచ్చినవానికి ఇది చిన్న సాధన కాదు. కానీ ఈ సాధనకు ఒక మూల్యం ఉంది. జాగ్రత్త పెరిగినకొద్దీ ఎదుటివానిని పడగొట్టే అవకాశం తగ్గింది. అతని విజయాల్లో ఎక్కువ ప్రాధాన్యం పొందినవి న్యాయనిర్ణేతల తీర్పుతో వచ్చినవే. 2004లో, సుమో యోకోజునాగా వెలుగొంది కె-1లోకి వచ్చిన అకెబోనోపై కూడా అతడు గెలిచినది తీర్పుతోనే.

6. రెండు అంతిమపోరులు:

2003 డిసెంబరు 6న టోక్యో డోమ్‌లో ముసాషి తొలి పోరులో న్యూజీలాండ్‌కు చెందిన రే సెఫోను, రెండవ పోరులో ఆర్ట్స్‌ను తీర్పులతో ఓడించి అంతిమపోరుకు చేరాడు. తొమ్మిదేళ్ళ కిందట సటాకెను ఓడించిన ఆర్ట్స్‌ను అదే శాఖకు చెందిన ముసాషి ఓడించడం జపాన్ అభిమానులకు చిరకాలపు బాకీ తీరినట్లయింది. అంతిమపోరులో ఎదురైనవాడు సురినామ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన బోన్యాస్కి. తీర్పు బోన్యాస్కికి అనుకూలంగా వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. బోన్యాస్కి అంతకు ముందటి రెండు పోరులనూ తొలి రౌండులోనే నాకౌట్‌తో ముగించాడు. ముసాషి మాత్రం ఇద్దరు బలవంతులతో పూర్తి రౌండ్లు పోరాడి వచ్చాడు. ఒకే రాత్రి మూడు పోరులు జరిగే పోటీలో తీర్పుతో వచ్చే గెలుపు పూర్తి గెలుపు కాదు. దాని ఖర్చు తరువాతి పోరులో కట్టవలసి వస్తుంది. తొడకు తగిలిన ప్రతి తన్నూ గంట తరువాత అడుగును బరువెక్కిస్తుంది. ముసాషిని అంతిమపోరు వరకు చేర్చిన జాగ్రత్తే అక్కడ అతని సత్తువను తగ్గించింది.

2004 డిసెంబరులో అదే వేదికపై ఈ వాదానికి పరీక్ష వంటి పోరు జరిగింది. ముసాషి మళ్ళీ సెఫోను, తరువాత బరువులో తనకంటే చాలా తేలికైన థాయ్ యోధుడు కావొక్లాయ్‌ను తీర్పులతో గెలిచాడు. ఈసారి బోన్యాస్కికి కూడా సులువైన దారి దొరకలేదు. ఎర్నెస్టో హోస్ట్‌నూ, ఫ్రాన్స్వా బోథానూ అతడు తీర్పులతోనే దాటవలసి వచ్చింది. ఇద్దరూ అలసి నిలిచిన ఆ అంతిమపోరు మూడు రౌండ్లలో తేలలేదు, అదనపు రౌండులోనూ తేలలేదు. రెండవ అదనపు రౌండు తరువాతనే బోన్యాస్కి విజేత అయ్యాడు. అలసట సమానమైనప్పుడు ఇద్దరి మధ్య అంతరం ఎంత స్వల్పమో ఈ పోరు చూపింది. జపాన్ యోధుడు ప్రపంచ కిరీటానికి ఇంతకంటే సమీపంగా ఎన్నడూ వెళ్ళలేదు.

7. తీర్పులపై విమర్శ:

ముసాషి పేరు చెప్పగానే వినిపించే విమర్శ ఒకటుంది. న్యాయనిర్ణేతలు స్వదేశీయుడైన అతనిపై మొగ్గు చూపారని విదేశీ అభిమానులు పలువురు భావించారు. ఈ అనుమానం విదేశీయులకే పరిమితం కాలేదు. 1999లో తన సొంత శాఖకు చెందిన ముసాషి చేతిలో తీర్పుతో ఓడిన సటాకె, ఆ తీర్పును అంగీకరించక కె-1ను విడిచిపెట్టాడు. జపాన్ నిర్వాహకులకు జపాన్ వీరుడు అవసరమన్నది కూడా దాచలేని వాస్తవం. టెలివిజన్ ప్రేక్షకులు, టోక్యో డోమ్ వంటి భారీ వేదికలు ఆ అవసరాన్ని పెంచాయి.

విమర్శను పూర్తిగా తోసిపుచ్చడం సాధ్యం కాదు. అయితే రెండు అంశాలను దానితో పాటు తూచాలి. ఒకటి, అత్యంత విలువైన రెండు తీర్పులూ టోక్యోలోనే, జపాన్ ప్రేక్షకుల ముందే, ముసాషికి వ్యతిరేకంగా వచ్చాయి. రెండు, కె-1 నియమావళిలో సమాన రౌండుకు అవకాశం ఎక్కువ. ఎదుటివాడు పడకుండా ముగిసే పోరుల్లో అంతరం స్వల్పంగానే ఉంటుంది. స్వల్ప అంతరంతో నిత్యం గెలిచేవాడు నిత్యం అనుమానానికి గురవుతాడు. ఆ అనుమానానికి మూలం న్యాయనిర్ణేతల్లో ఎంత ఉందో, అతని శైలిలోనూ అంత ఉంది.

దీనికి జపాన్ యుద్ధవిద్యల ఆదర్శం మరింత పదును పెట్టింది. క్యొకుషిన్ సంప్రదాయంలో "ఇచిగెకి" అనే భావన ప్రసిద్ధం. ఒకే దెబ్బ, దానితో అంతా తేలిపోవాలి. జూడోలో, కెండోలో "ఇప్పోన్" అనే పూర్ణవిజయం కూడా ఈ కోవలోదే. ఆ ఆదర్శంతో పెరిగిన ప్రేక్షకులు కరాటే వీరుని నుంచి ఆశించినది ఆ ఒక్క దెబ్బ. ముసాషి వారికి ఇచ్చినది ఒక్కొక్క రౌండుగా కూడబెట్టిన గెలుపు.

8. చివరి దశ:

2005 నవంబరులో ముసాషి మరొకసారి టోక్యో డోమ్ చేరాడు. రష్యా యువకుడు రుస్లాన్ కరాయెవ్‌ను దాటి, రెండవ పోరులో బ్రెజిల్‌కు చెందిన గ్లౌబె ఫెయితోసా ఎగిరి వేసిన మోకాలి పోటుకు నాకౌట్ అయ్యాడు. ఫెయితోసా క్యొకుషిన్ యోధుడు. 2008లో సియోల్‌లో ముసాషిని ఓడించిన ఎవెర్టన్ తెయిషెయిరా కూడా క్యొకుషిన్ ప్రపంచ విజేతగా వచ్చిన బ్రెజిల్ వాసి. నెదర్లాండ్స్ మార్గంలోనే కాక బ్రెజిల్ మార్గంలోనూ జపాన్ విద్య తిరిగివచ్చి జపాన్ యోధుని ఓడించిందన్నమాట. 2009 సెప్టెంబరు 26న సియోల్‌లో ఫ్రాన్స్ యోధుడు జెరోమ్ లె బానర్ చేతిలో ఓడి ముసాషి బరి నుంచి విరమించాడు. సటాకె అంతకు ముందే, 2002 డిసెంబరు 31న జూడో ఒలింపిక్ విజేత హిదెహికో యొషిదాతో పోరాడి ఓడి నిష్క్రమించాడు. ఆ కాలంలో వారి స్థానాన్ని నింపగల జపాన్ భారీ బరువు యోధుడు కె-1లో రాలేదు.

9. ముగింపు:

ముసాషి క్రీడాప్రస్థానం మూడు అంశాలను స్పష్టం చేస్తుంది. పోటీ నియమమే శిక్షణను నిర్ణయిస్తుంది. ముఖంపై గుద్దును నిషేధించిన ఒక్క నియమం రెండు తరాల జపాన్ యోధుల శరీరపు అలవాట్లను తీర్చింది. ఆ అలవాట్ల లోటును ముసాషి తన శ్రమతో చాలావరకు పూరించుకొన్నాడు, కానీ పూరించుకొనే క్రమంలో కరాటే ఆశించే నిర్ణాయకమైన దెబ్బను కొంత వదులుకోవలసి వచ్చింది. చివరిగా, విద్య ఎక్కడ పుట్టిందన్నది గెలుపును నిర్ణయించదు. ఓటమి నుంచి నేర్చుకొన్న కురోసాకి విద్య ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎదిగింది. దానిని పుట్టినచోట ఎదుర్కొన్నవాడు ముసాషి. 2004 డిసెంబరు రాత్రి ఐదవ రౌండు వరకు ఆ విద్యకు సమవుజ్జీగా నిలబడటమే అతని అసలైన సాధన. దానిని "రెండవ స్థానం" అన్న మాటతో కొలవడం న్యాయం కాదు.